తుపాకీ పేలని సినిమా యుద్ధం సినిమా ఎట్టవుద్ది?

కావలి కుర్రోడు:
రాత్రి రూమ్‌లో నలుగురం కూర్చోని ‘జార్‌హెడ్’ చూశాం. 2005లో వచ్చింది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినాక అమెరికా మెరైన్లని సౌదీ ఎడారికి పంపిస్తారు. హీరో స్నైపర్, అంటే దూరం నుంచి గురిచూసి కాల్చేవాడు. ట్రైనింగ్ అంతా ఒళ్ళు హూనం చేసేదే. ఆ తర్వాత ఏముందయ్యా అంటే నీళ్ళు తాగడం, తుపాకీ తుడుచుకోవడం, ఊళ్ళో పిల్ల ఎవడితో తిరుగుతుందోనని కుమిలిపోవడం. శత్రువు మీద ఒక్క గుండు కూడా కాల్చకుండా ఇంటికొస్తాడు. ఎగ్జిబిషన్‌కి తీసకపోయి జెయింట్ వీల్ ఎక్కించకుండా తెచ్చినట్టుంది. దీన్ని యుద్ధం సినిమా అనొచ్చా?

వేదాయపాళెం శీను:
అనగూడదు. డైరెక్టర్ శామ్ మెండెస్ గొప్పోడే, కాదన్ను. చమురు బావులు తగలబడే రాత్రిళ్ళని కెమెరామన్ రోజర్ డీకిన్స్ తీసిన తీరుకి దణ్ణం పెట్టొచ్చు. అయినా విసుగు గురించి తీస్తే చూసేవాడికీ విసుగు పుట్టాలని రూలేం లేదుగా.

గిద్దలూరోడు:
శీనన్నా, మా పక్క మిలిటరీకి పోయినోళ్ళు ఎక్కువ. మా బాబాయీ వాళ్ళలో ఒకడు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగినాక ఆపరేషన్ పరాక్రమ్ అని లక్షలమందిని సరిహద్దుకి తరలించారు గుర్తుందా? బాబాయి రాజస్థాన్ వైపు ఉన్నాడు. ఇయ్యాల దాటతాం, రేపు దాటతాం అనుకుంటా 2002 అక్టోబరు దాకా ఆ ఇసకలోనే. యుద్ధం రాలా. కానీ మందుపాతరలు పాతేటప్పుడూ, మళ్ళీ తీసేటప్పుడూ మనోళ్ళు చాలామంది పోయారు. ఈయన ఊరికొస్తే రచ్చబండ కాడ అందరూ అడిగింది ఒకటే, ‘ఎంతమందిని కాల్చావ్?’ అని. ఎవర్నీ లేదంటే అయితే ఊరికే పోయొచ్చావా అన్నట్టు చూశారంట. ఆగస్టు పదిహేనుకి బడిలో మాట్లాడమని పిలిస్తే ఇప్పటికీ పోడు.

సినిమాలో కంట్రోల్ టవర్ సీన్ ఉంది చూడు. ఇరాకీ ఆఫీసరు గురిలో ఉంటాడు, కాల్చమని పర్మిషన్ కూడా వచ్చేసుద్ది. వేలు బిగించే టైమ్‌కి పై ఆఫీసరొచ్చి వద్దు, విమానాలు చూసుకుంటయ్ అంటాడు. హీరో జతగాడు ట్రాయ్ ఒక్క గుండు కాల్చనీయండి సార్ అని బతిమాలి, పిచ్చెత్తినట్టు ఏడుస్తాడు. నాకు ఆడ బాబాయి కనపడ్డాడు. మనిషిని అంత సానబెట్టి, పని ఇవ్వకుండా ఇంటికి పంపిస్తే వాడేమైపోతాడో ఈ ఒక్క సినిమానే అడిగింది.

లాయరుపేట అక్క:
తమ్ముడూ, మీ బాబాయి సంగతి వేరు, ఆయన్ని నేనేమీ అనను. సినిమా సంగతికొద్దాం. చంపనివ్వలేదని ఏడ్చేవాణ్ణి చూసి నేను జాలిపడాలా? ఆ టవర్లో వాళ్ళ మీద నిమిషాల్లో బాంబులు పడ్డాయి.

ఆ గల్ఫ్ యుద్ధం నేల మీద 100 గంటలే జరిగింది. దానికి ముందు 1991 జనవరి 17 నుంచి ఐదు వారాలకు పైగా ఆకాశం నుంచి బాంబులు కురిశాయి. ఆ వారాలన్నీ ఇరాకీ సిపాయిలు గుంటల్లో కూర్చుని ఎదురుచూశారు. ఎప్పుడు కాలుద్దామా అని కాదు, ఎప్పుడు కాలిపోతామా అని. ఎదురుచూపు మీదే సినిమా తీస్తే కెమెరా అటు కూడా తిరగాలి. ఇది అమెరికా వాడి విసుగు సినిమా, అంతే.

గిద్దలూరోడు:
కాలిపోయిన బండ్ల వరస, మాడిపోయిన శవాల పక్కన హీరో కూర్చోవడం ఉన్నాయి కదక్కా.

లాయరుపేట అక్క:
ఉన్నాయి. చచ్చిపోయాక చూపించాడు.

గిద్దలూరోడు:
దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కాల్పులు చూపించకపోవడం మాత్రం తెలివిగా చేసిందే. చూపిస్తే ఏమవుద్దో ఆ సినిమాలోనే ఉంది. మెరైన్లకి ‘అపొకలిప్స్ నౌ’ వేస్తారు. యుద్ధం ఎంత పిచ్చిదో చెప్పడానికి తీసిన సినిమా అది. అందులో హెలికాప్టర్లు ఊరి మీద పడే చోట వీళ్ళు జాతర్లో ఉన్నట్టు ఊగిపోతా కేకలేస్తారు. అరే కావలీ, నువ్వడిగిన జెయింట్ వీల్ అదే.

కావలి కుర్రోడు:
అది ఒప్పుకుంటా అన్నా. ఇంతకీ బాబాయికి చూపించావా?

గిద్దలూరోడు:
పండక్కి చూపించా. ఎండలో గ్యాస్ మాస్కులు తగిలించి, టీవీ వాళ్ళ ముందు ఫుట్‌బాల్ ఆడించే కాడ పొట్ట పట్టుకోని నవ్వాడు. ‘పెద్ద సార్లొస్తే మమ్మల్నీ ఇట్టానే ఆడించేవోళ్ళురా’ అన్నాడు. సగంలో లేచి పొలానికి మోటరేయడానికి పొయ్యాడు, మళ్ళీ రాలా.

వేదాయపాళెం శీను:
చూశావా, ఆయనకే బోరు కొట్టింది.