అమ్మకానికి బొమ్మల చిరుపుస్తకాలు, కార్డులు: ఎంతవరకు చేత్తో, ఎంతవరకు యంత్రంతో?

ప్రశ్న

నమస్కారం. రెండేళ్లుగా చిన్న బొమ్మల పుస్తకాలు, శుభాకాంక్షల కార్డులు చేత్తో తయారు చేసి స్నేహితులకు ఇస్తున్నాను. పుస్తకమంటే ఒకే ఏ4 కాగితాన్ని ఎనిమిది పుటలుగా మడిచి, మధ్యలో కోత పెట్టి చేసేది; జీన్‌లలో, అంటే సొంతంగా చేసి పంచుకునే చిరుపత్రికలలో, చాలామంది మొదట నేర్చుకునే రూపం ఇదే. చూసినవారు కొందరు డబ్బిచ్చి కొంటామనడంతో, ఈసారి యాభై పుస్తకాలు, వంద కార్డులు చేయాలని పూనుకున్నాను. అయితే మొదటి పన్నెండు పూర్తయ్యేసరికే మూడు చిక్కులు ఎదురయ్యాయి. ప్రతి పుస్తకంలోనూ బొమ్మలన్నీ మళ్లీ గీస్తున్నందువల్ల చివరివాటిలో గీత జీవం కోల్పోయింది. దళసరి కాగితం మీద ప్రింటు తీయించిన కార్డులు మడత దగ్గర పగిలి, నల్లని ఆకాశం మధ్యలో తెల్లని చార తేలింది. ఇక ధర ఎంత పెట్టాలో ఎంత ఆలోచించినా తెగడం లేదు. ప్రింటు తీయిస్తే దానిని చేతిపని అని చెప్పి అమ్మడం న్యాయమేనా అన్న సందేహం కూడా ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

కార్డుల సంగతి మాత్రం నేను చెప్పగలను. అవి పగలడానికి రెండు కారణాలు కలిసివచ్చి ఉంటాయి. మొదటిది కాగితపు నార. యంత్రంపై తయారైన కాగితంలో పోగులు చాలావరకు ఒకే దిక్కుగా పరుచుకుని ఉంటాయి. ఆ దిక్కు వెంబడి మడిస్తే మడత శుభ్రంగా దిగుతుంది, దానికి అడ్డంగా మడిస్తే పోగులు విరిగి అంచు గరుకుగా లేస్తుంది. 250, 300 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) దళసరి కాగితాల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నార ఎటు ఉందో తెలియాలంటే షీటును మడత పడనీయకుండా ఒకసారి నిలువుగా, మరొకసారి అడ్డంగా వంచి, అరచేతితో మెల్లగా నొక్కి చూడండి. ఎటు వంచినప్పుడు కాగితం తక్కువగా ఎదురు తిరుగుతుందో, ఆ వంపు వెంబడే నార ఉన్నట్టు. అప్పటికీ తేలకపోతే చిన్న చదరపు ముక్క కోసి ఒక వైపు మాత్రమే తడి చేయండి. అది నార దిక్కునే నిలువుగా ఉంచుకుని గొట్టంలా చుట్టుకుంటుంది.

రెండవది టోనరు. లేజర్ ప్రింటరైనా జిరాక్స్ యంత్రమైనా టోనరు పొడిని వేడితో కరిగించి కాగితం పైన అతికిస్తుంది. ఆ పొర కాగితంతో పాటు సాగదు కనుక, మడత మీదుగా ముదురు రంగు పరిస్తే అక్కడ పెచ్చు ఊడుతుంది. కాబట్టి మీ నల్లని ఆకాశాన్ని ముందువైపు పుటకే పరిమితం చేసి, మడత దగ్గర రెండు మూడు మిల్లీమీటర్లు తెల్లగా వదిలేయండి. మడిచే ముందు ఇనుప స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గాడి గీయండి. గాడి గీసిన వైపు బయటికి, వెనుక తేలిన ఉబ్బు లోపలికి వచ్చేలా మడవండి. కత్తితో మాత్రం గాడి గీయవద్దు, కొన్నాళ్లకు కార్డు అక్కడే చిరుగుతుంది.

రెండవ సమాధానం

న్యాయం గురించి మీరు అడిగిన మాట నాకు నచ్చింది. యాభైసార్లు ఒకే పిట్టను గీస్తే యాభయ్యవ పిట్ట అలసిపోక తప్పదు, ఆ అలసటకు కొనేవారి చేత డబ్బు ఇప్పించడం నాకు సమంజసంగా తోచదు. బొమ్మను ఒకసారి మనసు పెట్టి గీసి, గీతలను మాత్రం ప్రింటు తీసుకుని, రంగు వేయడం, మడవడం, కుట్టడం చేత్తో చేయండి. అమ్మేటప్పుడు ‘గీతలు ప్రింటు, రంగులు చేత్తో వేసినవి’ అని పుస్తకం వెనుక ఒక్క వాక్యం రాస్తే దాపరికమేమీ ఉండదు.

ఇందుకు టోనరు గుణం మీకు అనుకూలంగా పనిచేస్తుంది. కరిగి అతుక్కున్న టోనరు నీటికి చెదరదు కనుక లేజర్ ప్రింటు గీతల మీద నీటిరంగు నిశ్చింతగా వేయవచ్చు. చాలా ఇంక్‌జెట్ ప్రింటర్లలో వాడే డై సిరా (నీటిలో కరిగే రంగు) అయితే కుంచె తగలగానే పాకుతుంది. ముందు ఒక చెడిపోయిన ప్రింటు మీద తడి కుంచె నడిపి చూసుకోండి. మామూలు 80 జీఎస్‌ఎం కాగితం తడికి ముడతలు పడుతుంది. 120 జీఎస్‌ఎం అయితే పలచని పూత ఒకటి తట్టుకుంటుంది, ఎనిమిది పుటల మడతకూ మరీ దళసరి కాదు.

గీతల బొమ్మను 600 డీపీఐలో (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే కొలత), రంగుల బొమ్మను కనీసం 300 డీపీఐలో స్కాన్ చేయించండి. పెన్సిలు నీడలు, లేత రంగు పూతలు జిరాక్స్‌లో మాయమవుతాయి, కాబట్టి గీత నల్లసిరాతోనే ఉండాలి. మరొక ముఖ్య విషయం అక్షరాలు. ఏ4 కాగితాన్ని ఎనిమిదిగా మడిస్తే పుట 74 × 105 మిల్లీమీటర్లే వస్తుంది. పెద్దగా గీసి తగ్గించుకునే అలవాటు మంచిదే కానీ, 71 శాతానికి తగ్గించేసరికి మన వత్తులు, ‘ఘ’, ‘ఝ’ వంటి అక్షరాల్లోని సందులు సిరాతో పూడిపోతాయి, పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది. బొమ్మ బాగుండి మాట చదవరాని పుస్తకాలు నేనే రెండు చేశాను, ఇప్పటికీ వాటిని చూస్తే బాధగా ఉంటుంది. అందుచేత అసలు పరిమాణంలో ఒక నమూనా తీసి, చేయి చాచినంత దూరంలో పెట్టి చదవండి. యంత్రం కాగితం అంచుల దాకా అచ్చు వేయదు కనుక ప్రతి పుటలోనూ నాలుగు వైపులా 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలడం కూడా మరవవద్దు.

మూడవ సమాధానం

ధర విషయంలో మొదటి పుస్తకానికి పట్టిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకండి, అందులో సగం నేర్చుకోవడానికే పోతుంది. వరసగా పది చేసి, మొత్తం సమయాన్ని పదితో భాగించండి. కోయడం, సంచిలో పెట్టడం కూడా అందులో చేరాలి. దానికి మీ గంట విలువ కట్టి, కాగితం, ప్రింటు ఖర్చులతో పాటు చెడిపోయిన షీట్ల ఖర్చు కూడా కలపండి. దుకాణంలో పెట్టి అమ్మితే వారు తమ వాటా తీసుకుంటారు కనుక, ఆ వాటా పోయాక కూడా మీకు గిట్టే ధరనే మొదటి రోజు నుంచి అందరికీ చెప్పండి. స్నేహితులకు ఒక ధర, దుకాణంలో మరొక ధర అయితే దుకాణదారుకు నష్టం, మీకు మాట. లెక్క వేశాక ధర ఎక్కువనిపిస్తే పనిలో ఒక అంచె తగ్గించండి, ఎనిమిది పుటలకు బదులు మూడు పుటలకే రంగు వేయండి. మీ శ్రమ విలువను మాత్రం తగ్గించకండి. యాభైలో ఏడవదని తెలిపేలా ‘7/50’ అని సంఖ్య వేయదలిస్తే యాభైతో నిజంగా ఆపగలిగినప్పుడే వేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కాగితం ముక్కను తడిపి చూశాను, నేను ఇన్నాళ్లూ కార్డులను నారకు అడ్డంగానే మడుస్తున్నానని తేలింది. దిక్కు మార్చి, గాడి గీసి మడిచిన కార్డు అంచు దారంలా నున్నగా వచ్చింది. పది పుస్తకాలకు గడియారం పెట్టుకుని చేశాను. మొదటిదానికి నలభై నిమిషాలు పట్టగా పదవది ఇరవై ఆరు నిమిషాల్లో పూర్తయింది. అప్పటికీ ధర ఎక్కువనిపించింది, అందువల్ల రంగు నాలుగు పుటలకే ఉంచుతున్నాను. నమూనాలో అయిదవ పుట మీద ‘లక్ష్మణఫలం’ అన్న మాట నల్లని మచ్చలా కనిపించింది. ఆ పుటను పెద్ద అక్షరాలతో మళ్లీ రాస్తున్నాను, అది సరిగ్గా వచ్చాకే మిగతా నలభైకి కాగితం కోస్తాను.