సాఫ్ట్‌వేర్ కొనే సర్కారు అధికారులకు డిజిటల్ ట్రైనింగ్: ఫలితం ఉందా, సర్టిఫికెట్‌తో సరా?

పోటోమాక్ పంతులు:
వర్జీనియాలో ఫెడరల్ ఐటీ కాంట్రాక్టుల మీద బతికే మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నా. టెక్నాలజీ కొనే కాంట్రాక్టింగ్ ఆఫీసర్లకు ప్రత్యేక శిక్షణ ఇస్తే కొనుగోళ్లు బాగుపడతాయా? పడతాయనే నా వాదన.

హెల్త్‌కేర్ డాట్ గవ్ (ప్రజలు హెల్త్ ఇన్సూరెన్స్ కొనుక్కోడానికి అమెరికా సర్కారు పెట్టిన వెబ్‌సైట్) గుర్తుందా? 2013 అక్టోబర్ 1న తెరిస్తే మొదటిరోజు ఎన్‌రోల్ అయింది ఆరుగురు. అందరూ కోడింగ్‌ను తిట్టారు. తర్వాత జీఏఓ (మన కాగ్ లాంటిది) తవ్వితే, ఏం కావాలో తేలకముందే ఆర్డర్లు ఇచ్చేశారని బయటపడింది. 5.6 కోట్ల డాలర్ల టాస్క్ ఆర్డర్ 2014 ఫిబ్రవరికి 20.9 కోట్లకు చేరింది. ఆ దెబ్బకే సర్కారు ఐటీని బాగుచేసే యూఎస్ డిజిటల్ సర్వీస్ అనే టీమ్ పుట్టింది, 2015లో కాంట్రాక్టింగ్ ఆఫీసర్లకు డీఐటీఏపీ అనే శిక్షణ మొదలైంది. దాదాపు ఆరు నెలలు. హాజరు వేయించుకుని వెళ్లిపోతే కుదరదు, నేర్చుకున్నది కొనుగోలు పని మీద చేసి చూపించాలి. 2022 ఆర్థిక సంవత్సరం నుంచి 70 లక్షల డాలర్లు దాటిన డిజిటల్ సర్వీసుల కొనుగోళ్లు ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే చూడాలని రూల్ పెట్టారు.

ఎల్1 బాధితుడు (హైదరాబాద్):
పంతులు గారూ, సర్టిఫికెట్ ఉన్నా చేతులు కట్టేసి ఉంటే? ప్రీ-బిడ్ మీటింగుల్లో (బిడ్ వేసేముందు మా వెండర్లతో పెట్టేవి) చూస్తుంటా. ఎదుటి అధికారికి అన్నీ తెలుసు. "మీరు చెప్పేది కరెక్టే సార్, కానీ ఎల్1ని (అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవాణ్ని) కాదంటే రేపు విజిలెన్స్‌కి జవాబు చెప్పుకోవాల్సింది నేను" అంటాడు. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ సడలింపు ఇచ్చింది. 10 కోట్ల రూపాయలు దాటని కన్సల్టెన్సీయేతర సేవల్లో నాణ్యతకు 30 శాతం దాకా వెయిటేజీ ఇవ్వొచ్చు. నేను వెళ్లినచోట దాని ఊసే లేదు. ఆ భయం పోగొట్టే ట్రైనింగ్ ఎవరిస్తారు?

పోటోమాక్ పంతులు:
భయం ఇక్కడా ఉంది బ్రదర్. అందులో సగం రూల్ సరిగ్గా తెలియకే. 2014లో టెక్‌ఫార్ అనే హ్యాండ్‌బుక్ వేశారు. అందులో కొత్త రూల్ ఒక్కటీ లేదు, ఉన్న నిబంధనల్లోనే ఎజైల్ పద్ధతిలో (కొంచెం కొంచెంగా కట్టించి, చూసి సరిచేసుకుంటూ) కొనుక్కునే వీలుందని చూపించారు, అంతే. మరుసటి ఏడాది 18ఎఫ్ అనే సర్కారు టెక్ టీమ్ వాళ్లు వెండర్లను లావుపాటి ప్రపోజల్ అడగలేదు. "ఎఫ్‌డీఏ (మందులు, ఆహారం మీద నియంత్రణ చేసే అమెరికా సంస్థ) బహిరంగ డేటాతో పనిచేసే ప్రోటోటైప్ కట్టి, కోడ్ అందరికీ కనిపించేలా పెట్టండి" అన్నారు. వెండర్ సత్తా ఏంటో అక్కడే తేలిపోయింది.

ఆడిట్ అక్క:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. నేను చూసిన ఒక ఫైల్‌లో పేమెంట్ షెడ్యూల్ ఇలా ఉంది: ఎస్ఆర్ఎస్ (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసిన పత్రం) ఆమోదానికి 20 శాతం, డిజైన్ డాక్యుమెంట్‌కి 20 శాతం. ఒక్క స్క్రీన్ కూడా నడవకముందే 40 శాతం బిల్లు పాస్. ఆడిట్ పేరా (అభ్యంతరం) రాద్దామంటే తప్పు దొరకదు, అంతా అగ్రిమెంట్ ప్రకారమే! ఇది రాసినాయన రోడ్డు టెండరు ఫార్మాట్ తెచ్చి సాఫ్ట్‌వేర్‌కి తగిలించాడు. ఆయనకి శిక్షణ కావాల్సిందే. కానీ ఆయనొక్కడికే ఇస్తే లాభం లేదు. రెండు వారాలకోసారి వచ్చిన పని చూసి "ఇది మార్చండి" అని చెప్పగలిగే మనిషి శాఖలో ఉండాలి. ఫైనాన్స్ వాళ్లూ, మా ఆడిట్ వాళ్లూ అదే క్లాసులో కూర్చోవాలి. లేకపోతే మేమే పాత కళ్లద్దాలతో అడ్డుపుల్ల వేస్తాం.

ఎల్1 బాధితుడు:
అక్కా, ఆ షెడ్యూల్ మా వెండర్లకి పండగ, అబద్ధం ఆడను. అది సరే, 2025 మార్చిలో 18ఎఫ్‌ను మూసేశారుగా? డిజిటల్ సర్వీస్ పేరు కూడా డోజ్ (ట్రంప్ సర్కారు ఖర్చుల కోతకు పెట్టింది) సర్వీస్‌గా మార్చేశారు. దారి చూపినవాళ్లకే దిక్కు లేదు!

పోటోమాక్ పంతులు:
ట్రైనింగే ముఖ్యం అంటున్నది అందుకే. అలాంటి టీమ్‌ను రాత్రికి రాత్రి తీసేయొచ్చు. టెండరు రాయాల్సింది మాత్రం ఎప్పటికీ శాఖలో ఉన్న ఆఫీసరే. అక్క చెప్పిన ఆడిటర్ల మాటకి ఒప్పుకుంటున్నా, నేను అంతదూరం ఆలోచించలేదు. మీరు ఈసారి కేంద్ర సంస్థ ప్రీ-బిడ్‌కి వెళ్తే ఆ 30 శాతం సంగతి రాతపూర్వకంగా అడగండి. ఏం జవాబిచ్చారో ఇక్కడ పెట్టండి.