శంఖాకార అడవులా, శంకుధారి అడవులా?

అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. నిన్న రాత్రి సాంఘికశాస్త్రం చదువుకుంటూ "నాన్నా, శంఖాకార అడవులంటే చెట్లు శంఖంలా ఉంటాయా?" అని అడిగింది. పుస్తకం తీసుకుని చూస్తే నిజంగానే ఖ వత్తుతో "శంఖాకార" అని ఉంది. నార్వే, స్వీడన్ నుంచి సైబీరియా మీదుగా, మళ్లీ అటు అలాస్కా, కెనడా దాకా పరుచుకున్న స్ప్రూస్, పైన్, ఫర్, లార్చ్ చెట్ల అడవుల గురించిన పాఠం అది. అక్కడ శంఖానికి ఏం పని?

నాకు తోచింది ఇది. అసలు మాట శంఖం కాదు, శంకువు. లెక్కల్లో చదువుకున్న శంకువే. శంకు అంటే మేకు, గూటం అనే అర్థం కూడా ఉంది, శంకుస్థాపనలో ఉన్నది అదే. దాన్ని కూడా చాలామంది "శంఖుస్థాపన" అని రాస్తారు, బ్యానర్ల మీద ఎన్నిసార్లు చూశానో. అడవి విషయంలోనూ అదే వత్తు వచ్చి చేరింది.

అయితే వత్తు తీసేసి "శంకాకార" అన్నా నాకు తృప్తిగా లేదు. కొన్ని పుస్తకాల్లో ఉన్న "శృంగాకార"తోనూ అదే ఇబ్బంది. ఈ చెట్లను ఇంగ్లీషులో కోనిఫర్లు అంటారు, ఆ మాటకు లాటిన్‌లో అర్థం శంకువులను మోసేది అని. అంటే చెట్టు ఆకారం గురించి కాదు, చెట్టుకు కాసే ఆ పొలుసుల కాయ గురించి. హిందీవాళ్లు శంకుధారి అంటారు, అది సరిగ్గా కుదిరింది. ఆకారాన్ని పట్టుకుంటే మాట నిలబడదు కూడా. స్కాట్లండ్ పైన్ చెట్టు చిన్నప్పుడు మొనదేలి ఉంటుంది గానీ ముదిరేకొద్దీ తల గుండ్రంగా, చదునుగా పరుచుకుంటుంది. అప్పుడది కోనిఫర్ కాకుండా పోతుందా?

ఆ కాయే ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఒక పిట్ట గురించి చెప్పాలి. ఇంగ్లీషులో క్రాస్‌బిల్ అంటారు. మన పిచ్చుక కంటే కొంచెం పెద్దది, మగది ఇటుక ఎరుపు, ఆడది పచ్చగా ఉంటుంది. దాని ముక్కు రెండు కొసలూ ఒకదాన్నొకటి దాటి అడ్డంగా ఉంటాయి, చూస్తే ఏదో దెబ్బ తగిలి వంకరపోయిందనుకుంటాం. కానీ ఆ కొసల్ని పొలుసుల మధ్య దూర్చి, దవడ పక్కకు కదిపి పొలుసును విడదీసి, అడుగున దాగిన గింజను నాలుకతో లాక్కుంటుంది. పిల్ల పుట్టినప్పుడు ముక్కు నిటారుగానే ఉంటుంది, పెరిగేకొద్దీ కొసలు దాటుకుంటాయి. చాలా పిట్టలు పిల్లలకు పురుగులు తెచ్చి పెడితే ఇది ఎక్కువగా గింజలే కక్కి పెడుతుంది, కాబట్టి కాయ బాగా కాసిన ఏడు జనవరి, ఫిబ్రవరి మంచులో కూడా గూడు కడుతుంది. కాయ కాయకపోతే గుంపులు గుంపులుగా దూరదేశాలకు వెళ్లిపోతుంది. ఆ కాయ చుట్టూనే దాని బతుకంతా. అందుకే ఆ అడవికి పెట్టే పేరులో కాయ ఉండాలని నా పట్టుదల. "శంకుధారి అడవులు" అందాం, లేదా తేలిగ్గా "పొలుసుకాయ అడవులు" అందాం. మీరేమంటారు?

ఇంకొకటి. ఆ పిట్టకు "కత్తెరముక్కు పిట్ట" అని పేరు పెడితే బాగుంటుందా?

వ్యాఖ్య: నమస్తే అన్నయ్యా, శంకుధారి నాకు నచ్చింది. పొలుసుకాయ అంటే మాత్రం మా వైపు సరుగుడు కాయ గుర్తొస్తుంది. చిన్నప్పుడు తోటలో ఏరుకుని ఆడుకునేవాళ్లం. అది కూడా ఈ జాతేనా? కత్తెరముక్కు విషయంలో ఒక మాట. కాకినాడ దగ్గర నీళ్లను ముక్కుతో కోసుకుంటూ పోయే స్కిమ్మర్‌కు ఆ పేరు ఇంకా బాగా అతుకుతుంది కదా.

జవాబు: సరుగుడు కాయ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుందమ్మా, ఆకు కూడా సూదిలాగే కనిపిస్తుంది, కానీ సరుగుడు పూలు పూసే చెట్టు, ఈ జాతి కాదు. కోనిఫర్లు వివృతబీజాలు, అంటే గింజ చుట్టూ పండు ఉండని చెట్లు, వాటికి అసలు పువ్వే ఉండదు. నువ్వన్నది నిజమే, కోస్తాలో పొలుసుకాయ అంటే సరుగుడే అనుకుంటారు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, శంకుధారి చాలు.

స్కిమ్మర్ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పావు. అయితే క్రాస్‌బిల్‌ను "మెలిముక్కు పిట్ట" అందామా? మెలి తిరిగిన ముక్కు కాబట్టి. శాస్త్రీయ నామంలో కర్విరోస్ట్రా అన్నా వంకర ముక్కు అనే. దీని బంధువు ఒకటి అమెరికాలో ఐడహో కొండల్లో ఉంటుంది, 2017లో దాన్ని వేరే జాతిగా గుర్తించారు. దానికి పెట్టిన లాటిన్ పేరు సైనెస్యూరిస్, అంటే "ఉడుత లేనిది". ఆ కొండల్లో పైన్ కాయలు కొరికే ఉడుతలు లేవు, అందుకని కాయ ఈ పిట్ట నుంచే కాపాడుకోవాలని పొలుసులు దళసరి చేసుకుంది, పిట్ట ముక్కు కూడా దానికి తగ్గట్టు బలపడింది. పేరు పెట్టినవాళ్లు ఆ కథంతా ఒక్క మాటలో ఇమిడ్చారు. తెలుగులో ఆ పిట్టకు ఏ పేరు బాగుంటుందో ఎవరికైనా తడితే రాయండి, నాకు ఇంకా దొరకలేదు.