క్లచ్ పట్టడమా, విడవడమా?

ప్రశ్న:
నమస్కారమండి. సుజుకి హయబూసా బైకుకు ఎత్తయిన హ్యాండిల్ వేసుకునేవారి కోసం, హైడ్రాలిక్ క్లచ్‌ను (తీగ బదులు ద్రవపు ఒత్తిడితో పనిచేసేదాన్ని) ఆ హ్యాండిల్‌కు ఎలా అమర్చాలో చెప్పే సూచనల పత్రాన్ని తెలుగులో రాస్తున్నాను. ‘క్లచ్ పట్టినప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరగాలి’ అని ఒక వాక్యం ఉంది. అది చదివిన మెకానిక్ ఒకరు ‘క్లచ్ పడితే బండి కదలాలి కదా, చక్రం ఊరికే ఎందుకు తిరుగుతుంది?’ అన్నారు. ఆయన మాటా సబబుగానే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:
చాలా మంచి ప్రశ్న. ‘క్లచ్ పట్టి గేరు వెయ్యి’ అన్నప్పుడు పట్టేది చెయ్యి. ‘క్లచ్ సరిగ్గా పట్టడం లేదు, ఘాట్ ఎక్కడం లేదు’ అన్నప్పుడు పట్టాల్సినవి ఇంజను బలాన్ని చక్రానికి అందించే లోపలి ప్లేట్లు. ఈ రెండూ ఒకేసారి జరగవు. చెయ్యి పడితే ప్లేట్లు విడిపోతాయి, చెయ్యి వదిలితే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ‘పట్టు’ తెలుగులో సకర్మకంగానూ అకర్మకంగానూ నడిచే క్రియ. ‘పిల్లవాడి చెయ్యి పట్టాడు’ అంటాం, ‘ఇనుముకు తుప్పు పట్టింది’ అనీ అంటాం. మీ మెకానిక్ రెండో దారిలో చదివారు.

నా సలహా ఇది. ‘పట్టు, విడుపు’ అనే జంటను ప్లేట్లకే ఉంచండి. గ్రహణం రోజున పట్టు స్నానం, విడుపు స్నానం అంటాం. రాజీ మాటల్లో పట్టువిడుపులు ఉండాలంటాం. ఇంత సిద్ధంగా ఉన్న జంటను వదులుకుని ‘సంయోజనం, వియోజనం’ అని రాస్తే ఏ షెడ్డులోనూ ఎవరూ చదవరు. చేతి పనికి ‘నొక్కు, వదులు’ సరిపోతాయి.

హైడ్రాలిక్ క్లచ్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే అందులో వచ్చే రెండు పెద్ద లోపాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

మొదటిది, లీవరు (హ్యాండిల్ దగ్గర చేత్తో నొక్కే పిడి) నొక్కినా క్లచ్ విడవకపోవడం. హ్యాండిల్ ఎత్తు పెరిగితే పాత గొట్టం అందదు, పొడవైనది వేయాలి. కొత్త గొట్టంలో గాలి మిగులుతుంది. ద్రవం దాదాపు కుదించుకోదు కనుకనే నొక్కుడు పైనుంచి కింది దాకా చేరుతుంది. గాలి మాత్రం ఇట్టే కుదించుకుంటుంది. లీవరు ప్రయాణమంతా ఆ బుడగను నలపడానికే సరిపోయి, ప్లేట్లను విడదీసే కింది పిస్టన్ చాలినంత కదలదు. గేరు కరకరమంటుంది, న్యూట్రల్ దొరకదు. గొట్టం ఎక్కడైనా పైనున్న ద్రవపు డబ్బీ కంటే ఎత్తుగా వంపు తిరిగిందా, బుడగ ఆ వంపులోనే తిష్ఠ వేస్తుంది. లీవరు ఎన్నిసార్లు కొట్టినా దిగదు. కింది నిపుల్ (గాలి తీసే చిన్న మొన) దగ్గర సిరంజి తగిలించి ద్రవాన్ని పైకి ఎక్కిస్తే తేలికగా పోతుంది, గాలి వెళ్లాలనుకునేదీ పైకే కదా. అయితే డబ్బీ పొంగి పెయింటు మీద పడకుండా చూసుకోవాలి. ఈ పనికి ‘గాలి తీయడం’ అనే రాయండి, షెడ్డుల్లో అనే మాటే అది.

రెండోది, లీవరు వదిలినా క్లచ్ పట్టుకోకపోవడం. లీవరు దగ్గరి పై సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే డబ్బీలోకి వెళ్లే సన్నని రంధ్రం తెరుచుకుంటుంది. కొత్త లీవరు పిస్టన్‌ను కాస్త నొక్కి ఉంచినా ఆ రంధ్రం మూసుకుపోతుంది. ఇంజను వేడికి వ్యాకోచించిన ద్రవానికి దారి ఉండదు, ఒత్తిడి నిలిచిపోయి ప్లేట్లు జారుతాయి. అందుకే లీవరుకు కొంచెం ఆట (పిస్టన్‌ను తాకే ముందు వదులుగా కదిలే ఖాళీ) ఉండాలి.

మరొకరు:
మీ వివరణ బాగుంది కానీ, బండి మీద అందరూ ‘క్లచ్ పట్టు’ అనే అంటారు, కారులో ‘క్లచ్ తొక్కు’ అంటారు. వాడుకలో ఉన్నదాన్ని కాదని ‘నొక్కు’ అనడం ఎందుకండి?

జవాబు:
మీరన్నది నిజమేనండి. నోటి మాటను మార్చమనను. ఆలోచిస్తే చిక్కు క్రియలో కంటే ‘క్లచ్’ అనే నామంలోనే ఎక్కువ ఉంది. లీవరునూ క్లచ్ అంటున్నాం, లోపలి ప్లేట్లనూ క్లచ్ అంటున్నాం. పత్రంలో ప్రతిచోటా ఏది లీవరో ఏవి ప్లేట్లో పేరు పెట్టి రాస్తే ‘పట్టు’ ఉన్నా ఇబ్బంది లేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ‘క్లచ్ ఆయిల్’ అని రాయకండి. ఇందులో పోసే డాట్ 4 (బ్రేకుల్లోనూ వాడే ద్రవపు రకం) గ్లైకాల్ రకం ద్రవం, నూనె కాదు. ‘ఆయిల్’ అని చదివి ఎవరైనా ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. మాగురా కంపెనీ హైమెక్ వంటి హైడ్రాలిక్ క్లచ్‌లు మినరల్ ఆయిల్‌తోనే నడుస్తాయి, వాటిలో డాట్ 4 పోయకూడదు. డబ్బీ మూత మీద ఏది రాసి ఉందో అదే పోయమనండి.

అడిగినవారు:
ధన్యవాదాలండి. పై సిలిండర్‌ను మార్చేవారికీ ఒక మాట రాయాలి. 16 మి.మీ. పిస్టన్ వ్యాసం ఉన్న దాని స్థానంలో 14 మి.మీ.ది పెడితే లీవరు తేలికవుతుందంటున్నారు.

జవాబు:
తేలికవుతుంది. కానీ అంతే దూరం నొక్కితే కిందికి వెళ్లే ద్రవం సుమారు 23 శాతం తగ్గుతుంది. అప్పుడు గాలి లేకపోయినా ప్లేట్లు పూర్తిగా విడవకపోవచ్చు. ఇక మీ వాక్యం ఇలా రాయండి: ‘బండిని స్టాండు మీద నిలిపి, ఇంజను ఆపి గేరులో ఉంచి, లీవరును పూర్తిగా నొక్కి పట్టండి. ప్లేట్లు విడిపోయి వెనక చక్రం చేతితో తిప్పితే తిరగాలి. లీవరు వదలగానే ప్లేట్లు పట్టుకుని చక్రం బిగుసుకోవాలి.’