చిక్కుడు, ఆనప మొలకల్ని పిట్టలు పీకేస్తున్నాయి, వల ఎలా కట్టాలి?

ప్రశ్న (ఆమదాలవలస): పెరట్లో 3 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు మడి. చిక్కుడు, బొబ్బర్లు, ఆనప పెడితే జంటాకులు విప్పగానే పోతున్నాయి. కొన్ని వేళ్లతో సహా పైకొచ్చి పడుంటున్నాయి, కొన్నిటికి మొండి కాడే మిగులుతోంది. గోరింకలు, గువ్వలు బాగా తిరుగుతాయి. కళింగపట్నం నుంచి తెచ్చిన పాత చేపల వల ఉంది. పరిచేస్తే చాలా?

జవాబు (బొబ్బిలి): చేపల వల వద్దండి. ఆ తంగూసు దారం పిట్టకి ఆనదు. కాలో రెక్కో చిక్కుకుని చస్తుంది. తొండలు, జెర్రిపోతులదీ అదే గతి. పైగా మొక్కల మీదే పరిస్తే పిట్టలు వల మీద వాలి కన్నాల్లోంచి పొడుస్తాయి.

15–20 మి.మీ. కన్నాల మందపాటి నైలాన్ వల కొనండి. 6 అడుగుల వెదురు బద్దలు 5 తీసుకుని, 3 అడుగులకొకటి చొప్పున మడికి అడ్డంగా విల్లులా వంచి, రెండు కొసలూ అరడుగు నేలలో దించండి. మధ్యలో అడుగున్నర పైనే ఎత్తొస్తుంది. వల 7 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు ఉండాలి. బిగించి కట్టండి, వదులుగా ఉంటే ఇదీ ఉచ్చే. అంచుల్ని కర్రలకి చుట్టి ఇటుకలు పెట్టండి. గోరింక నడుచుకుంటూ సందులోంచి దూరుతుంది, బయటికి దారి దొరక్క మడంతా తొక్కేస్తుంది.

జవాబు (విజయనగరం): ముందు దొంగెవరో చూడండి. వేళ్లతో లేచిందంటే గోరింక, తడి మట్టిలో పురుగుల కోసం కెలుకుతుంది. ఆకులు పోయి కాడ మిగిలితే గువ్వ అనుకోవచ్చు. అలా కాక, పొద్దున్నే మొక్క మొదలు దగ్గర తెగి పక్కనే పడుంటే అంగుళం లోతు మట్టి తీయండి, చుట్టలు చుట్టుకున్న పురుగు దొరుకుతుంది. మెరిసే జిగురు చార ఉంటే నత్త. వీటికి వలేం చేస్తుంది?

జవాబు (రాజాం): వల ఖర్చెందుకు, ఎరుపు–వెండి రంగు మెరిసే రిబ్బన్ మడి మీద మెలితిప్పి లాగి కట్టండి, గాలికి మోగి పిట్టల్ని బెదరగొడుతుంది. మొలక కనబడ్డ రోజు కట్టాలి, ముందే కడితే పిట్టలు అలవాటు పడిపోతాయి.

బొబ్బిలి: పొలానికైతే సరే. గోడలు, చెట్ల మధ్య పెరట్లో గాలాడక రిబ్బన్ మోగదు.

ఆమదాలవలస: వల తీసేదెప్పుడండీ?

బొబ్బిలి: చిక్కుడు, బొబ్బర్లకి నాలుగైదు ఆకులొచ్చి కాడ గట్టిపడ్డాక. ఆనపకి మాత్రం నులితీగ వేయకముందే తీసేయండి. అది వలకి చుట్టుకుందంటే లాగినప్పుడు చిగురు తెగుతుంది.