చూపులేని పిల్లాడికి క్లాసులో తోడు ఎవర్ని పెట్టాలె?

ప్రశ్న: దేవరకొండ దగ్గర జెడ్పీ హైస్కూల్ మాది. ఎనిమిదో తరగతిలో చూపులేని బాబు చేరిండు. తోడుగా ఒక్కర్నే పెట్టాలా సార్?

జవాబు: వద్దు మేడమ్. ఆ ఒక్కడు బడికి రాకుంటే బాబు ఆగిపోతడు. రోజూ ఒకరే అయితే దోస్తీ పోయి డ్యూటీ అయితది. ముగ్గురిని వారం వారం మార్చండి. ఎవరు కావాలో ముందు బాబునే అడగండి.

జవాబు: చెయ్యి పట్టి గుంజొద్దని చెప్పండి. తోడున్నోళ్ల మోచేతికి కాస్త పైన బాబే పట్టుకొని, అర అడుగు వెనక నడవాలె. మెట్ల ముందు ఆగి ‘పైకి’, ‘కిందికి’ అనాలె. బోర్డు మీద రాసేది మీరే పైకి చదవండి, తోటోళ్లకు సగం పని తప్పుతది.

జవాబు: ఆటల పీరియడ్‌ల పక్కన కూసోబెట్టకండి, అసలు దోస్తానా కుదిరేది అక్కడే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆటల్లోనూ సమాన అవకాశం ఇయ్యాలంటది. బంతిని ప్లాస్టిక్ కవర్ల చుడితే దొర్లుతుంటే చప్పుడైతది. బ్రెయిలీకి (వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి) మండల భవిత కేంద్రంలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే సెంటర్‌లో, రిసోర్స్ టీచర్‌ను అడగండి.