నాన్నగారికి ఏది చూపించాలి: ‘బ్రో’నా, దాని తమిళ మూలమా?

నమస్కారం. ప్రమాదంలో చనిపోయిన మనిషికి కాలదేవుడు 90 రోజుల గడువిచ్చి, తానే వెంట ఉండే కథతో 2023లో వచ్చిన ‘బ్రో’ చూశాను. అదే కథను దర్శకుడు సముద్రఖని 2021లో తమిళంలో ‘వినోదయ సిత్తం’గా తీశారు, దాన్ని మాత్రం చూడలేదు. తెలుగులో సాయిధరమ్ తేజ్ పాత్ర ఇంటి భారం మోసే పెళ్లికాని పెద్దకొడుకు కాగా, తమిళంలో తంబి రామయ్య పాత్ర పిల్లలు ఎదిగిన నడివయసు ఉద్యోగి.

మా నాన్నగారు త్వరలో పదవీ విరమణ చేయబోతున్నారు. తాను లేకపోతే ఆఫీసూ నడవదు, ఇల్లూ నడవదన్నది ఆయన గట్టి నమ్మకం. పెళ్లి భోజనంలో విస్తరి ముందు కూర్చుని కూడా ఫోనులో ఫైలు సంగతే మాట్లాడతారు. తెలుగులో కాలదేవుడిగా చేసిన పవన్ కల్యాణ్ పాత పాటల సందడిలో ఇంటివాళ్ల సన్నివేశాలు కాస్త వెనకబడ్డాయని నాకనిపించింది (అభిమానులు మన్నించాలి).

రెండూ చూసినవారు దయచేసి చెప్పండి: కథానాయకుడు నడివయసువాడైనందువల్ల తమిళంలో ఆ బాధ్యతల బరువు ఎక్కువగా తెలుస్తుందా? నాన్నగారికి తమిళం రాదు కనుక, అందులోని హాస్యం ఉపశీర్షికలతో అందుతుందా, లేక మాటల విరుపులోనే ఉందా? ‘యమగోల’, ‘యమలీల’ ఆయనకు ప్రాణం కాబట్టి యముడి మీద నవ్వడానికి అభ్యంతరం లేదు. కానీ ఇటీవలే ఆప్తమిత్రుణ్ణి పోగొట్టుకున్నారు, అందువల్ల చావు గురించిన సన్నివేశాలు ఎంత సూటిగా ఉంటాయో కూడా, ముగింపు బయటపెట్టకుండా, తెలియజేయగలరు.